ఎవరికి అమ్ముతోంది? ఎవరి దగ్గర కొంటోంది?

జీతం, ఊరు, షిఫ్టు... ఆఫర్ లెటర్ చేతికి రాగానే మనం చూసేవి ఇవే. మీ కొలువు ఎంతకాలం నిలుస్తుందో చెప్పే రెండు ప్రశ్నలు మాత్రం చాలామంది అడగరు. హెల్త్ సప్లిమెంట్ల పరిశ్రమ ఉదాహరణగా అవేంటో, వాటికి జవాబులు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం.

మీ కాలేజీకి ఓ సప్లిమెంట్ల తయారీ కంపెనీ వచ్చిందనుకోండి. విటమిన్ మాత్రలు, ప్రొటీన్ పౌడర్లు, పసుపు క్యాప్సూళ్లు చేసే సంస్థ. ప్రెజెంటేషన్ అదిరింది. మెరిసే స్టీలు యంత్రాలు, తెల్లకోట్లలో సిబ్బంది, 'మూడేళ్లలో టర్నోవర్ రెట్టింపు' అని పెద్ద అక్షరాల్లో ఓ స్లైడు. ఇంటర్వ్యూ బాగా చేశారు. ఆఫర్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు.

చేరిన ఎనిమిదో నెలలో రెండో షిఫ్టు ఆపేశారు. పదో నెలలో 'ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లని ప్రస్తుతానికి కొనసాగించలేం' అన్నారు. మీ పనిలో తప్పేం లేదు. మీ మేనేజర్ తప్పు కూడా కాదు. ఎక్కడో ఓ పెద్ద కస్టమర్ ఆర్డర్లు తగ్గించాడు. అంతే సంగతులు.

ఇది ఊహించి చెప్పిన సన్నివేశమే. ఇలా జరగడానికి కావాల్సిన సరంజామా మాత్రం చాలా కంపెనీల పుస్తకాల్లో సిద్ధంగా ఉంటుంది. అది ముందే చదవడం వస్తే రెండు లాభాలు. ఎక్కడ చేరుతున్నారో తెలిసి చేరతారు. ఇంటర్వ్యూలో మిగతా వందమంది మాట్లాడని విషయం మీరు మాట్లాడతారు.

ఒకే హోటల్‌కి పాలు పోస్తే...

మీ ఊళ్లో రోజూ ఇరవై లీటర్ల పాలు అమ్మే ఒకావిడ ఉందనుకోండి. ఇరవై ఇళ్లకు లీటరు చొప్పున పోస్తున్నన్నాళ్లూ ఒక ఇంటివాళ్లు మానేసినా ఆవిడకు పెద్ద తేడా పడదు. ఇల్లిల్లూ తిరగలేక పాలన్నీ బస్టాండు దగ్గరి హోటల్‌కే పోయడం మొదలుపెట్టింది. పని తేలికైంది, నెలకోసారి డబ్బు ఒకేచోట చేతికొస్తోంది. ఆ హోటల్ మూతపడిన రోజు పరిస్థితేంటి? గేదె మేత మేయడం మానదు కదా!

వ్యాపార భాషలో దీన్నే 'కస్టమర్ కాన్సంట్రేషన్' అంటారు. అమ్మకాల్లో పెద్ద భాగం ఒకరిద్దరు కొనుగోలుదారుల మీదే ఆధారపడి ఉండటం. ప్రమాదం ఎంతో అర్థం కావాలంటే చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి.

ఓ కంపెనీ అమ్మకాలు ఏడాదికి రూ. 100 కోట్లు. ముడిసరకు, ప్యాకింగ్ లాంటి, అమ్మకాలతో పాటు పెరిగి తగ్గే ఖర్చు రూ. 60 కోట్లు. జీతాలు, అద్దె, వడ్డీ లాంటి స్థిర ఖర్చు రూ. 30 కోట్లు. లాభం రూ. 10 కోట్లు. అమ్మకాల్లో రూ. 45 కోట్లు ఒకే కస్టమర్‌వి.

ఆ కస్టమర్ తన ఆర్డర్లలో మూడో వంతు కోత పెట్టాడు. అంటే రూ. 15 కోట్లు పోయాయి. ముడిసరకు ఖర్చు రూ. 9 కోట్లు తగ్గుతుంది. మిగతా రూ. 6 కోట్లు నేరుగా లాభంలోంచే పోతాయి. లాభం 10 నుంచి 4 కోట్లకు పడిపోయింది. అమ్మకాలు తగ్గింది 15 శాతం, లాభం తగ్గింది 60 శాతం! అదే కస్టమర్ పూర్తిగా వెళ్లిపోతే రూ. 8 కోట్ల నష్టం. స్థిర ఖర్చుల్లో యాజమాన్యం చేతిలో ఉండేవి ఏవి? అద్దె, వడ్డీ తగ్గించడం కష్టం. మిగిలింది జీతాలే. మీ కొలువుకి ఈ లెక్కతో ఉన్న సంబంధం అదీ.

బాకీల సంగతి కూడా చూడండి. ఆ కస్టమర్‌కి 90 రోజుల అరువు ఇచ్చారనుకుంటే ఎప్పుడూ దాదాపు రూ. 11 కోట్లు అతని దగ్గరే ఉంటాయి. కంపెనీ ఏడాది లాభం కన్నా ఎక్కువ. అతను ఎగ్గొడితే ఏడాది కష్టం గల్లంతే.

సప్లిమెంట్లలోనే ఎందుకిలా?

ఈ సమస్య అన్ని పరిశ్రమల్లోనూ ఉంది. సప్లిమెంట్లలో ఇంకాస్త ఎక్కువ. కారణం ఆ వ్యాపారం నడిచే తీరే. మెడికల్ షాపులోనో, ఆన్‌లైన్‌లోనో మీరు కొనే డబ్బా మీద ఒక బ్రాండు పేరుంటుంది. కానీ చాలా బ్రాండ్లకు సొంత ఫ్యాక్టరీ ఉండదు. వేరే సంస్థ దగ్గర తయారుచేయించుకుంటాయి. ఈ తయారీ సంస్థల్ని కాంట్రాక్ట్ మాన్యుఫాక్చరర్లు అంటారు. వాళ్ల కస్టమర్లు మీరూ నేనూ కాదు, ఆ బ్రాండ్లు. అవి వేలల్లో ఉండవు, పదుల్లోనే ఉంటాయి. అందులోనూ రెండు మూడే పెద్దవి.

పైగా ఇక్కడ సరకంతా కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది. ఫార్ములా ఆ బ్రాండుదే, క్యాప్సూల్ రంగు, డబ్బా, లేబుల్ అన్నీ దానివే. ఆర్డరు రద్దయితే ఇంకొకరికి అమ్మడానికి లేదు. ఎక్స్‌పైరీ తేదీ మాత్రం దగ్గరపడుతూనే ఉంటుంది.

కాలిఫోర్నియా కంపెనీ చెప్పే పాఠం

అమెరికాలోని కాలిఫోర్నియాలో నేచురల్ ఆల్టర్నేటివ్స్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఉంది. 1980లో మొదలైంది. కార్ల్స్‌బాడ్ కేంద్రంగా పనిచేస్తోంది. స్విట్జర్లాండ్‌లోని లుగానోలోనూ తయారీ కేంద్రం ఉంది. ఇతర బ్రాండ్లకు సప్లిమెంట్లు తయారుచేసి ఇవ్వడమే ప్రధాన వ్యాపారం. పండ్లు, కూరగాయల రసాల పొడిని క్యాప్సూళ్లుగా అమ్మే జ్యూస్ ప్లస్ అనే సంస్థ చాలా ఏళ్లుగా దీనికి పెద్ద కస్టమర్. 'మా అమ్మకాల్లో పెద్ద భాగం కొద్దిమంది కస్టమర్ల నుంచే వస్తోంది, వాళ్లలో ఒకరు పోయినా మాకు దెబ్బే' అనే హెచ్చరికను కంపెనీ తన వార్షిక నివేదికల్లో తానే పెడుతుంది.

హెచ్చరిక కాగితం మీదే ఉండిపోలేదు. కరోనా రోజుల్లో ప్రపంచమంతా విటమిన్ల మీద పడింది. 2021 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో కంపెనీ అమ్మకాలు సుమారు 17.8 కోట్ల డాలర్లు, లాభం కోటి డాలర్లకు పైనే. సరకు దొరకదేమోనన్న భయంతో బ్రాండ్లన్నీ అవసరానికి మించి గోదాముల్లో నింపుకొన్నాయి. గిరాకీ చల్లబడేసరికి ఆ నిల్వలు కరిగేదాకా కొత్త ఆర్డర్లు తగ్గించాయి. 2024 జూన్ నాటికి కంపెనీ వార్షిక అమ్మకాలు సుమారు 11.4 కోట్ల డాలర్లకు జారాయి. లాభం పోయి 72 లక్షల డాలర్ల నష్టం మిగిలింది.

ఇందులో ఒక చిన్న సంగతి మీరు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ కంపెనీ కార్ల్స్‌బాడ్‌లో వేగంగా పౌడర్లు కలిపే కొత్త కేంద్రాన్ని సిద్ధం చేసుకుంది. అది పని మొదలుపెట్టిన కొద్దికాలానికే, 2023లో, తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. పెద్ద కస్టమర్లలో ఒకరి దగ్గర నిల్వలు పేరుకుపోయి, వాళ్ల అంచనాలు మారిపోవడమే కారణం. మబ్బును చూసి ముంత ఒలకబోసుకున్నట్టు అనిపిస్తోందా? అలా అనడం తేలికే. పెద్ద కస్టమర్ 'వచ్చే ఏడాది ఇంత కావాలి' అంటే యంత్రాలు కొనకుండా కూర్చుంటే ఆ కస్టమరే వేరేచోటికి వెళ్లిపోతాడు. కొంటే ఇలా. చిక్కంతా అక్కడే ఉంది. కొత్త ప్లాంటు అంటే కొత్త ఉద్యోగాలు. మీలాంటి ఫ్రెషర్లను ఎక్కువగా తీసుకునేదీ అలాంటి ప్లాంట్లలోనే. అందుకే 'కొత్త లైను వస్తోంది, అందుకే నియామకాలు' అని హెచ్‌ఆర్ చెప్పినప్పుడు ఆ లైను ఎంతమంది కస్టమర్ల కోసమో అడగడం మీ హక్కు.

దుకాణమే మూతపడితే?

కస్టమర్ ఆర్డర్లు తగ్గించడం ఒక రకం. కస్టమరే దివాలా తీయడం ఇంకో రకం. అమెరికాలో సప్లిమెంట్ల దుకాణాలంటే ముందు గుర్తొచ్చే పేరు జీఎన్‌సీ. 1935లో పిట్స్‌బర్గ్‌లో పుట్టిన సంస్థ. అప్పుల భారానికి కరోనా తోడై 2020 జూన్‌లో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లింది. 800 నుంచి 1,200 దుకాణాలు మూసేస్తామంది. చివరికి చైనాకు చెందిన హర్బిన్ ఫార్మాస్యూటికల్ గ్రూప్ 77 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని ఫిట్‌లైఫ్ బ్రాండ్స్ అనే చిన్న కంపెనీకి అప్పటికి చాలా ఏళ్లుగా జీఎన్‌సీ దుకాణాలే ప్రధాన ఆధారం. ఇలాంటి కంపెనీ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి. ఇచ్చిన సరకు డబ్బు రావాలి. కోర్టులో ముందు వరసలో బ్యాంకులుంటాయి. అమెరికా చట్టంలో దివాలా అర్జీకి ముందు 20 రోజుల్లో చేరిన సరకుకు కొంత ప్రాధాన్యం ఉంది కానీ అంతకుముందు బాకీ వరసలో వెనకే. మన దేశంలోనూ 2016 దివాలా చట్టం ప్రకారం సరకు ఇచ్చినవాళ్లు బ్యాంకుల వెనకాలే నిలబడాలి.

ఫిట్‌లైఫ్ నిలబడింది. ఆన్‌లైన్ అమ్మకాలను పెంచుకుంది. 2022 డిసెంబర్‌లో దివాలా అర్జీ పెట్టిన మజిల్‌ఫార్మ్ అనే పేరున్న స్పోర్ట్స్ న్యూట్రిషన్ బ్రాండును మరుసటి ఏడాది తానే కొనుక్కునే స్థాయికి వచ్చింది. కథ సుఖాంతం అనుకుంటున్నారా? ఇంటర్వ్యూలో పనికొచ్చే మలుపు ఇక్కడుంది. ఆన్‌లైన్ అంటే అత్యధిక భాగం అమెజాన్. కొనేవాళ్లు లక్షలమంది అయినా వాళ్లు లోపలికొచ్చే గుమ్మం ఒక్కటే. ఆ వేదిక రుసుములు పెంచినా, ఉత్పత్తిని పక్కన పెట్టినా మళ్లీ అదే కథ. కాబట్టి 'ఎంతమంది కస్టమర్లు' అన్నదొక్కటే కాకుండా 'ఎన్ని దారులు' అన్నది కూడా చూడాలి.

ఇక రెండో వైపు: ముడిసరకు

అమ్మకం వైపు చూశాం. కొనే వైపు చూద్దాం. ఓ మల్టీవిటమిన్ మాత్రలో ఇరవై, ముప్ఫై రకాల పదార్థాలుంటాయి. అందులో ఒక్కటి రాకపోయినా మాత్ర తయారవదు. ఉప్పు లేదని కూర ఆపలేం కానీ, ఇక్కడ లేబుల్ మీద రాసిన ప్రతిదీ ఉండి తీరాలి.

2017 అక్టోబర్ 31న జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్‌ఎఫ్ సంస్థకు చెందిన సిట్రాల్ ప్లాంటులో మంటలు వచ్చాయి. సిట్రాల్ అంటే నిమ్మగడ్డి వాసనకు కారణమైన పదార్థం. విటమిన్ ఏ, విటమిన్ ఈ తయారీకి అది మొదటి మెట్టు. కొద్దిరోజులకే ఒప్పందాల ప్రకారం సరఫరా చేయలేమని ఆ సంస్థ చేతులెత్తేసింది. దీన్నే 'ఫోర్స్ మెజూర్' అంటారు. మా చేతిలో లేని కారణంతో మాట నిలబెట్టుకోలేకపోతున్నాం అని చెప్పే చట్టబద్ధమైన వెసులుబాటు. ప్రపంచంలో విటమిన్ ఏ తయారీదారులే కొద్దిమంది కావడంతో ధరలు భగ్గుమన్నాయి. 2024 జులై 29న అదే ప్రాంగణంలో మరో ప్రమాదం. ఈసారి విటమిన్ ఏ, ఈలతో పాటు కెరోటినాయిడ్ల సరఫరా కూడా ఆగింది.

ఇలాంటప్పుడు నష్టపోయేవాళ్లే కాదు, అవకాశం దొరికేవాళ్లూ ఉంటారు. మన హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దివీస్ లేబొరేటరీస్ బీటా కెరోటిన్ లాంటి కెరోటినాయిడ్లు తయారుచేస్తుంది. ఎక్కడో సరఫరా ఆగితే కొనుగోలుదారులు రెండో దారి వెతుక్కుంటారు. ఆ రెండో దారిగా నిలబడగల కంపెనీల్లో కొలువులు పెరుగుతాయి.

విటమిన్ సి సంగతి ఇంకో తీరు. ప్రపంచానికి కావాల్సిన విటమిన్ సిలో అత్యధిక భాగం చైనా నుంచే వస్తుంది. ధరలు కూడబలుక్కుని పెంచారంటూ చైనా తయారీదారుల మీద అమెరికా కొనుగోలుదారులు 2005లో కేసు వేస్తే అది వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తప్పు ఒక్క దేశానిదే అనుకోకండి. అంతకుముందు 1999లో, ఇలాగే విటమిన్ల ధరల కుమ్మక్కు కేసులో ఐరోపా దిగ్గజం రోష్ అమెరికాలో 50 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. అమ్మేవాళ్లు కొద్దిమందే ఉంటే కొనేవాడి మెడ వాళ్ల చేతిలో ఉంటుంది. ఏ దేశమైనా ఇంతే.

మన పసుపు లెక్క

పొలం నుంచి వచ్చే ముడిసరకుది వేరే బాధ. పసుపు క్యాప్సూళ్లనే తీసుకోండి. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లు మనకు తెలిసినవే. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే ప్రారంభమైంది. పసుపు కొమ్ములో కర్క్యుమిన్ రకం పదార్థాలు సాధారణంగా 2 నుంచి 5 శాతం. సప్లిమెంట్లలో వాడే సారం 95 శాతం చిక్కదనంతో ఉండాలి. 3 శాతం ఉన్న పసుపు నుంచి కిలో సారం తీయాలంటే, ఒక్క గ్రాము వృథా పోకపోయినా, దాదాపు 32 కిలోల పసుపు కావాలి. కాబట్టి కిలో పసుపు ధర రూ. 50 పెరిగితే కిలో సారం మీద రూ. 1,600 భారం పడుతుంది.

2023 మధ్య నుంచి 2024 వేసవి దాకా పసుపు ధర బాగా పెరిగింది. రైతులకు మంచి రోజులే. ఏడాది మొత్తానికి ఒకే ధరకు సరకు ఇస్తానని పెద్ద కస్టమర్‌కి మాటిచ్చిన తయారీదారుకి మాత్రం చుక్కలే. ధర పెంచమని అడిగితే కస్టమర్ వెళ్లిపోతాడేమోనని భయం. అడగకపోతే నష్టం. చూశారా, రెండు ప్రమాదాలూ ఇక్కడ చేతులు కలిపాయి. పదిమంది కస్టమర్లున్న కంపెనీ గట్టిగా మాట్లాడగలదు. ఒక్కడి మీదే ఆధారపడ్డ కంపెనీ నోరెత్తలేదు.

ధర పెరిగినప్పుడే కల్తీ కూడా తొంగిచూస్తుంది. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపిన ఉదంతం గుర్తుందా? మామూలు పరీక్ష ప్రొటీన్‌ని నేరుగా కొలవదు, నైట్రోజన్‌ని కొలిచి దాన్నిబట్టి ప్రొటీన్ లెక్కగడుతుంది. మెలమైన్‌లో సుమారు 66 శాతం నైట్రోజనే. పరీక్ష మోసపోయింది. దాదాపు మూడు లక్షలమంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. కాబట్టి సరఫరాదారు ఇచ్చిన సర్టిఫికెట్‌ని కళ్లకద్దుకుని లోపల పెట్టుకుంటే కుదరదు. అమెరికాలో 2007లో వచ్చిన తయారీ నిబంధనల ప్రకారం, వాడే ప్రతి పోషక పదార్థం అదేనా కాదా అని తయారీదారే పరీక్షించి తేల్చుకోవాలి.

'ఇంకొకడి దగ్గర కొంటే పోలా?'

ఇంటర్వ్యూలో చాలామంది టక్కున చెప్పే జవాబు ఇది. అంత తేలిక కాదు. కొత్త సరఫరాదారు ఫ్యాక్టరీకి వెళ్లి తనిఖీ చేయాలి. నమూనాలు పరీక్షించాలి. ట్రయల్ బ్యాచ్‌లు తీయాలి. ఆ మాత్ర ఎక్స్‌పైరీ దాకా నిలుస్తుందో లేదో చూడాలి. ఔషధ పరిశ్రమ పద్ధతిలో చేసే వేగవంతమైన పరీక్షలో కూడా 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచుతారు. ఒక్కోసారి ఫలానా బ్రాండు పదార్థమే వాడాలని కస్టమరే ఒప్పందంలో రాసి ఉంటాడు. అతని సంతకం లేకుండా మార్చడానికి లేదు.

సరే, నిల్వ పెట్టుకుందామా? రోజుకి 50 కిలోలు వాడే పదార్థం మామూలుగా 60 రోజుల్లో వస్తుంది, ఆలస్యమైతే 90 రోజులు. ఆ 30 రోజుల తేడాకి 1,500 కిలోలు అదనంగా ఉంచాలి. కిలో రూ. 3,000 అయితే రూ. 45 లక్షలు గోదాములో కదలకుండా పడుంటాయి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక నౌకలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లడంతో వారం, రెండు వారాలు అదనంగా పట్టింది. నిల్వ ఉన్నవాడు గట్టెక్కాడు. లేనివాడి యంత్రం ఆగింది. ఎంత నిల్వ సరైనదో తేల్చడమే ఒక ఉద్యోగం.

కొలువులు ఎక్కడున్నాయి?

ప్రమాదం ఉన్నచోటే దాన్ని తగ్గించేవాళ్లకు పని ఉంటుంది. మీ చదువును బట్టి చూసుకోండి.

బీఫార్మసీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లకు: క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో మొదలుపెట్టి, సరఫరాదారుల్ని తనిఖీ చేసే వెండర్ క్వాలిటీ విభాగానికి ఎదగొచ్చు. హెచ్‌పీఎల్‌సీ మీద చెయ్యి తిరిగి ఉండాలి. ఏ పరీక్ష ఏ కల్తీని పట్టుకోలేదో చెప్పగలిగితే మీ విలువ పెరుగుతుంది.

బీకామ్, సీఎంఏ విద్యార్థులకు: ఎవరికి ఎంత అరువు ఇవ్వాలో చూసే క్రెడిట్ కంట్రోల్, ఉత్పత్తి ఖర్చు లెక్కగట్టే కాస్టింగ్ విభాగాలున్నాయి. చిన్న పరిశ్రమలకు చెల్లింపులు గరిష్ఠంగా 45 రోజుల్లోపు జరగాలన్న 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం నిబంధన మీకు కరతలామలకంగా ఉండాలి.

బీటెక్, ఎంబీఏ వాళ్లకు: డిమాండ్ ప్లానింగ్, కొనుగోళ్లు, కీ అకౌంట్స్. పైన చేసిన నిల్వ లెక్కను ఎక్సెల్‌లో వంద పదార్థాలకు చేసి చూపగలగాలి. సప్లై చైన్‌లో సీపీఐఎమ్, సీఎస్‌సీపీ సర్టిఫికెట్లకు గుర్తింపు ఉంది. అయితే సర్టిఫికెట్ కన్నా ముందు లెక్క రావాలి.

నిబంధనల మీద ఆసక్తి ఉంటే రెగ్యులేటరీ అఫైర్స్. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో తెచ్చిన న్యూట్రాస్యూటికల్ నిబంధనలతో మొదలుపెట్టండి. ఒక దేశం ఒక మూలికను వద్దంటే అక్కడి కస్టమర్లంతా ఒక్కరోజులో పోతారు. 2023లో డెన్మార్క్ అశ్వగంధ విషయంలో చేసింది అదే. ఇలాంటిది ముందే పసిగట్టేవాళ్లు ప్రతి ఎగుమతి కంపెనీకీ కావాలి.

చేరేముందు ఇలా చూడండి

లిస్టైన కంపెనీ అయితే: వెబ్‌సైట్లో వార్షిక నివేదిక తెరవండి. ముందున్న ఫొటోలు, చైర్మన్ సందేశం దాటేసి ఆర్థిక నివేదికల నోట్స్‌కి వెళ్లండి. 'సెగ్మెంట్ ఇన్ఫర్మేషన్' అనే నోటులో ప్రధాన కస్టమర్ల ప్రస్తావన ఉంటుంది. మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్-ఏఎస్ 108 ప్రకారం ఆదాయంలో 10 శాతం, అంతకన్నా ఎక్కువ ఒకే కస్టమర్ నుంచి వస్తుంటే ఆ సంగతి చెప్పాల్సిందే. పేరు చెప్పక్కర్లేదు. రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 22 శాతం 38 అయిందా, 38 శాతం 22 అయిందా?

ఐపీఓకి వస్తున్న కంపెనీ అయితే: సెబీకి ఇచ్చే ప్రాస్పెక్టస్‌లో 'రిస్క్ ఫ్యాక్టర్స్' భాగం చదవండి. మొదటి పది కస్టమర్ల వాటా, దిగుమతుల మీద ఆధారం చాలాసార్లు అక్కడ అంకెలతో సహా దొరుకుతాయి.

లిస్టు కాని చిన్న కంపెనీ అయితే: చాలామందికి తెలియని దారి ఒకటుంది. బ్యాంకు రుణం ఉన్న అనేక చిన్న సంస్థలకు క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి ఏజెన్సీలు రేటింగ్ ఇస్తాయి. ఆ నోట్లు ఆయా ఏజెన్సీల వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంటాయి. రెండు మూడు పేజీలే. బలహీనతల కింద 'కస్టమర్ కాన్సంట్రేషన్', 'ముడిసరకు ధరల ఒడుదొడుకులు' అని కనిపిస్తే జాగ్రత్తగా చదవండి.

ఇంటర్వ్యూ చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటారు కదా. అప్పుడు 'మీ కస్టమర్ పేరేంటండీ?' అని అడగొద్దు. అది వాళ్లు చెప్పకూడని సంగతి కావచ్చు. ఇలా అడగండి: 'మొదటి ఐదుగురు కస్టమర్ల వాటా గత మూడేళ్లలో పెరిగిందా, తగ్గిందా సర్?' 'ముఖ్యమైన ముడిసరకులకు రెండో సరఫరాదారు సిద్ధంగా ఉన్నారా మేడమ్?' 'నేను చేరే లైను ఒకే ఉత్పత్తి కోసమా, చాలావాటికా?' జవాబు సూటిగా వస్తే అది మంచి గుర్తు. 'అవన్నీ మీకెందుకు' అంటే అదీ ఒక జవాబే.

అలాగని ఒకే పెద్ద కస్టమర్ ఉన్న కంపెనీ అనగానే వద్దనుకోకండి. చాలా మంచి కంపెనీలు అలాగే మొదలయ్యాయి. పెద్ద కస్టమర్ దగ్గర నాణ్యత, క్రమశిక్షణ నేర్చుకుంటాయి. పెద్ద ఆర్డర్లతో యంత్రాలు నిండుగా నడుస్తాయి. చూడాల్సింది ఆ ఆధారం ఏటా తగ్గుతోందా లేదా అన్నదే. తెలిసి చేరితే ఆ ఏడాది, రెండేళ్లలో ఏం నేర్చుకోవాలో మీరే ఒక ప్రణాళిక వేసుకుంటారు. ఒక్క యంత్రం మీదే, ఒక్క ఉత్పత్తి మీదే ఉండిపోకుండా పక్క విభాగం పని కూడా చూసుకుంటారు. అత్యవసరానికి నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటారు.

ఈ వారం చేయాల్సిన పని ఒకటే. మీరు దరఖాస్తు చేయాలనుకుంటున్న మూడు కంపెనీల పేర్లు రాసుకోండి. ఒక్కోదాని పక్కన రెండు గడులు గీయండి. ఎవరికి అమ్ముతోంది? ఎవరి దగ్గర కొంటోంది? పైన చెప్పిన దారుల్లో వెతికి ఆ ఆరు గడులూ నింపండి. ఖాళీగా మిగిలినవే మీరు ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్నలు.